శని వడ్డాణం

కోటగోడ మీదినుంచి తాడు పట్టుకుని దిగటం చెప్పుకోవటానికి బాగానే ఉంటుంది. తాడు సగంలో అయిపోతే ఎలా ఉంటుందో మాత్రం దిగినవాణ్ణే అడగాలి. రేచన కాళ్ళ కింద ఇంకా తాటిచెట్టంత ఖాళీ ఉంది. దాని అడుగున ముళ్ళపొదలున్నాయి. అతని పళ్ళ మధ్య పట్టుదారం కట్టిన బంగారు భరిణె ఒకటి వేలాడుతోంది. పైన బురుజు మీద మాంత్రికుడు కంకాళభట్టు కాపలా పెట్టిన భూతాలు పగటినిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంటున్నాయి.

"వదిలెయ్యరా రేచా. పొదలోనే కదా పడేది," అన్నాడు కింద రెండు గుర్రాల కళ్ళేలు పట్టుకుని నిలబడ్డ సంకన్న.

ఈ సంకన్న ఒకప్పుడు హేలాపురిలో పేరుమోసిన దొంగ. ఇప్పుడు మానేశానంటాడు. మానేసినవాడు కంకాళభట్టు కోట తాళం అంత చిటికెలో ఎలా తీశాడని రేచన అడగలేదు. మనమూ అడగొద్దు.

రేచన తాడు వదిలేశాడు. ముళ్ళు వీపంతా చీరేశాయి. భరిణె మాత్రం పళ్ళ మధ్యనే ఉంది. లేచి, నెత్తురు తుడుచుకోకుండానే గుర్రమెక్కాడు. సాయంత్రం చుక్కలు పొడిచేలోగా హేలాపురి చేరకపోతే అతని అక్క కుందమను అగ్నిబిలంలో పడేస్తారు.

సంగతి ఇదీ. హేలాపురి రాజ్యం మొత్తానికి దుర్భిణి చేయటం తెలిసిన మనిషి కుందమ ఒక్కతే. కుమ్మరివీధి చివర తమ ఇంటి పెరట్లో, బీరపందిరి పక్కన, పొడవాటి గొట్టాన్ని ముక్కాలి మీద నిలబెట్టి సాయంత్రం పూట గ్రహాలను చూసేది. గొట్టం చివర కన్ను ఆనించే చోట ఒక గాజుబిళ్ళ బిగించాలి. దాన్ని కంటిబిళ్ళ అంటారు. బిళ్ళ మార్చినకొద్దీ గ్రహం చిన్నగానో పెద్దగానో కనపడుతుంది. శని చుట్టూ ఉండే వలయాన్ని ఆ ఊరివాళ్ళు శని వడ్డాణం అంటారు. అది నడుమున ఉన్నంతకాలం శని బుద్ధిగా ఉంటాడని, ఊడిందంటే రాజ్యం మీద పడతాడని వాళ్ళ భయం.

ఆ భయాన్నే కంకాళభట్టు పట్టుకున్నాడు. రాజగురువు వేషంలో ఆస్థానంలో చేరి, "ప్రభూ, ఆడది రోజూ గుచ్చి గుచ్చి చూడటంతో శనికి కోపం వచ్చి వడ్డాణం విప్పేశాడు. ఆమెను అగ్నిబిలానికి సమర్పిస్తే గాని మీ సింహాసనం నిలవదు," అన్నాడు. ధవళాంగ మహారాజు మేడ ఎక్కి, కుందమ బిళ్ళల్లోకెల్లా పెద్దగా చూపించేదానితో శనిని చూశాడు. వడ్డాణం కనపడలేదు. కుందమ ఏదో కోరిక కోరింది. అది రాచకంటికి అవమానమని సభ మండిపడింది. ఆ కోరిక ఏమిటో బయటికి పొక్కనివ్వలేదు. శిక్ష పడ్డవాళ్ళ మాట రాజు చెవిన పడకూడదన్నది అక్కడి ఆచారం కాబట్టి ఆమె నోటికి గుడ్డ కట్టేశారు. అంతకుముందు ఆమె కోరిన ఇంకో చిన్న కోరిక మాత్రం ఒప్పుకున్నారు. శిక్షకు ముందు ఆఖరిసారి చూసేటప్పుడు రాజు, ఎండకు కాగి గాలి వణికే మేడ మీదినుంచి కాకుండా, ఆమె పెరట్లోంచి చూడాలని.

సరిహద్దు కాపలాలో ఉన్న రేచన కబురు తెలిసి వచ్చేసరికి కంకాళభట్టు నిండుసభలో, "నా కోటలో మహానేత్రమనే బిళ్ళ ఉంది. దానికి మించి పెద్దగా చూపించేది భూమి మీద లేదు. దాంతో చూసినా వడ్డాణం కనపడదు," అని సవాలు చేస్తున్నాడు. "నేను తెస్తాను, కనపడితే మా అక్కను వదలాలి," అన్నాడు రేచన. రాజు సరేనన్నాడు.

రేచనకు కత్తి తెలుసు, గుర్రం తెలుసు. గ్రహాల గురించి తెలిసినదంతా కలిపితే గోరంత కూడా ఉండదు. మహానేత్రాన్ని గుర్తుపట్టటానికి పోలిక కావాలని అక్క బిళ్ళలన్నీ సంచీలో వేసుకుని మరీ బయలుదేరాడు. పెద్దగా చూపించేదే గొప్పదని రాజ్యమంతా నమ్మినట్టే అతనూ నమ్మాడు.

గుర్రాలు కాకికోనలోకి దిగాయి. రెండు పక్కలా ఎర్రరాతి కొండలు ఆకాశాన్ని ఇరుకు చేసి నిలబడ్డాయి. చరియల మీదినుంచి పగడపురంగు పూలతీగలు జడల్లా వేలాడుతున్నాయి. నడుమ నల్లరాళ్ళ మీదుగా ఏరు తెల్లటి నురగ చిమ్ముకుంటూ దూకుతోంది. మధ్యాహ్నపు ఎండ నీళ్ళ మీద పడి కొండల నిండా బంగారు చారలు కదులుతున్నాయి. అంత అందమైన చోట ఒక్క పిట్ట కూయదు, ఒక్క తేనెటీగ ముసరదు. అది కాకిరక్కసి కాపురముండే చోటు మరి.

"ఎవర్రా నా కోనలో? గుర్రాల వాసనొస్తోంది," అంటూ గుడిసెంత నల్లటి ఆకారం దారికి అడ్డంగా వాలింది.

ముక్కు కొడవలి, కళ్ళు నిప్పుకణికలు. ఎంత ముసలిదంటే, ఇప్పటి మహారాజు తాతగారి పట్టాభిషేకం నాడు వచ్చి రాణిగారి నగలు ఎత్తుకుపోయింది ఈవిడేనట. కాకిరక్కసుల జాతికి ఒక గుణముంది. అబద్ధమాడితే నాలుక ఊడి కిందపడుతుంది. అందుకే ఆ జాతి సాక్ష్యానికి తిరుగులేదని హేలాపురి ధర్మాసనంలో శాసనం కూడా ఉంది. అది సాక్ష్యమివ్వటానికి ఏనాడూ ఊళ్ళోకి రాలేదు, జనాన్ని తినటానికే వచ్చింది, అది వేరే సంగతి.

"అవ్వా, దారి వదులు. తొందర పనుంది," అన్నాడు రేచన.

"తళతళలాడేది ఏదన్నా పెట్టి పోండి. లేకపోతే మీరే ఉండిపోండి."

రేచన క్షణం ఆలోచించలేదు. మహానేత్రం చేతికొచ్చాక ఈ చిన్నాచితకా బిళ్ళలతో పనేముంది అనుకుని, సంచీ విప్పి అక్క బిళ్ళలన్నీ దాని ముందు కుమ్మరించాడు. ఎండకు అవి మెరిసిపోయాయి. రక్కసి ఒక్కొక్కటే ముక్కుతో ఎత్తి చూసి మురిసిపోయింది.

"ఇవెందుకురా నీకు?"

"శనిని చూడటానికి."

రక్కసి రెక్కలు దులిపి నవ్వింది. "శనిగాణ్ణి చూడటానికి గాజుముక్కలా? నాకు నా కళ్ళు చాలు. నేను పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నాను, వడ్డాణం పెట్టుకుని షోకులు పోతుంటాడు. నా పడుచుతనంలో ఓసారి విప్పేశాడు కూడానూ. ఎవడో నాకన్నా ముందే ఎత్తుకుపోయాడని కడుపు మండి ఏడ్చాననుకో. కొన్నాళ్ళకి మళ్ళీ తగిలించుకున్నాడు."

ముసలిదాని సోది ఎవడికి కావాలి అనుకున్నాడు రేచన. అతని దృష్టంతా కోన అవతలి మలుపు మీద ఉంది. మెల్లగా గుర్రాన్ని పక్కనుంచి పోనిచ్చాడు. అప్పుడే నడుముకు దోపుకున్న భరిణె మీద ఎండ పడి మెరిసింది.

"బంగారం దాచావూ?" అంది రక్కసి.

అంటూనే ఎగిరి, అందినవాణ్ణి అందుకుంది. అందినవాడు సంకన్న. గుర్రం మీదినుంచి గాల్లోకి లేచిపోతూ, "రేచా, నేను తళతళలాడనురా, చెప్పు దానికి," అని గోలపెట్టాడు. రేచన జీను మీద నిలబడి కత్తి విసురుగా తిప్పాడు. రక్కసి గోరొకటి తెగి నల్లటి నెత్తుటితో సహా ఏట్లో పడింది. సంకన్న కూడా ఏట్లోనే పడ్డాడు.

రక్కసి చేసిన అరుపుకు కొండల మీది రాళ్ళు దొర్లాయి. "నా గోరు కోసినవాడా, నీ ఇంటికే వస్తాను. వచ్చి నీ నెత్తురు తాగుతాను," అంది. అది అబద్ధమాడదన్న మాట రేచనకు గుర్తొచ్చింది. సంకన్నను జుట్టు పట్టి ఒడ్డుకు లాగి, మళ్ళీ గుర్రమెక్కించి, వెనక్కి చూడకుండా తోలాడు.

కోన దాటేసరికి భూతాలు వెంటబడ్డాయి. సుడిగాలిలా దుమ్ము రేపుకుంటూ, చెట్లను వేళ్ళతో సహా పెకలించుకుంటూ వస్తున్నాయి. ముందు లోయ మీద తాళ్ళవంతెన. గుర్రాలు పలకల మీద దడదడలాడుతూ దాటాయి. చివరి గిట్ట ఒడ్డున పడిందో లేదో రేచన ఇటువైపు తాళ్ళు తెగనరికాడు. వంతెన భూతాలతో సహా లోయలోకి జారిపోయింది. ఊపిరి తీసుకుని పక్కకు చూస్తే సంకన్న తడిబట్టలతో ఎండలో కూర్చుని నింపాదిగా చుట్ట పీలుస్తున్నాడు.

"చుట్ట తడవలేదా మామా?"

"వెదురు గొట్టంలో ఉంటే ఎందుకు తడుస్తుందిరా. ప్రాణం పోయినా పరవాలేదు గానీ చుట్ట తడవకూడదు."

ఎండ వాలుతుండగా హేలాపురి కోటద్వారం దాటి కుమ్మరివీధిలోకి వచ్చిపడ్డారు.

రేచన తమ పెరటిని పెరటిగా గుర్తుపట్టలేకపోయాడు. ధవళాంగ మహారాజు బీరపందిరి కింద ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. బీరతీగ ఒకటి ఆయన కిరీటానికి చుట్టుకుంది, తీసే ధైర్యం ఎవరికీ లేదు. దడి పొడుగునా విలుకాండ్రు నిలబడ్డారు. కోళ్ళు వాళ్ళ కాళ్ళ మధ్య గింజలు ఏరుకుంటున్నాయి. రుబ్బురోలు పక్కన ఇనుప బోను ఉంది. అందులో నోటికి గుడ్డతో, ముందుకు కట్టిన చేతులతో కుందమ కూర్చుంది. తమ్ముణ్ణి చూడగానే ఆమె కళ్ళు వెలిగాయి. అతని నడుమున బంగారు భరిణె కనపడగానే ఆ వెలుగు ఆరిపోయింది. రేచనకు అది అర్థం కాలేదు.

"తెచ్చావా నాయనా," అన్నాడు కంకాళభట్టు. ఒళ్ళంతా విభూతి, చేతిలో పుర్రె చెక్కిన దండం. కోట దోచుకున్నవాడితో మాట్లాడుతున్నట్టుగా లేదు అతని గొంతు.

పడమట సంజకెంజాయ చల్లారి, పెద్ద మునగచెట్టుకు కాస్త పైన శని పొడిచాడు. మసకపసుపు రంగు చుక్క. కాసేపయితే ఆ మునగచెట్టు వెనక్కి దిగిపోతాడు. ఆ తర్వాత చూడటమంటూ లేదు.

కోటలో పోల్చి చూసే తీరిక దొరకని రేచన ఇప్పుడే మొదటిసారి భరిణె తెరిచాడు. మహానేత్రమంటే మామిడికాయంత ఉంటుందనుకున్నాడు. ఇత్తడి చట్రంలో మిరియపుగింజంత గాజు ఉంది, అంతే. ఎంత ఎక్కువ పెంచి చూపించే బిళ్ళకు అంత చిన్న గాజు ఉంటుందని అతనికేం తెలుసు. దాన్ని గొట్టానికి బిగించాడు. గొట్టాన్ని శని వైపు తిప్పటానికే చెమటలు పట్టాయి. చివరికి దొరికాడు.

రాజు లేచి కన్ను ఆనించాడు.

"పాలమీగడ ముద్దలాంటిదేదో పరిగెత్తుకుపోతోంది," అన్నాడు రాజు. "ఇదిగో, పోయింది."

రేచన గొట్టం జరిపాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ జరిపాడు.

"పెద్దగానే ఉంది, కాదనను. కానీ అంచు తెలియటం లేదు. నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతోంది. వడ్డాణం..." రాజు కన్ను తీసి నులుముకున్నాడు. "వడ్డాణం లేదు."

రేచన పరుగున వచ్చి తానూ చూశాడు. వణుకుతున్న మసక మరక తప్ప ఏమీ లేదు. అక్కను కాపాడటానికి తెచ్చిందే ఆమె మెడకు ఉరి అయింది, తెచ్చింది తనే. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

కంకాళభట్టు దగ్గరకొచ్చి, అతనొక్కడికే వినపడేలా, "నా కోట తాళం ఏ దొంగకూ అంత సులువుగా రాదు బాబూ. ఒకసారి మహానేత్రం రాజ్యంలోకి వచ్చాక రాచకన్ను అంతకన్నా తక్కువదాన్ని ముట్టుకోదు. అదే కదా నాకు కావలసింది," అన్నాడు.

హేలాపురిలో ఆచారం అదే. రాజ్యంలో ఉన్న బిళ్ళల్లో ఏది అన్నిటికన్నా పెద్దగా చూపిస్తుందో రాజు దానితోనే చూడాలి. తక్కువది ఆనించినవాడి తల ఉండదు.

"బోను ఎత్తండి," అన్నాడు కంకాళభట్టు గట్టిగా.

భటులు బోను దండెలు పట్టుకున్నారు. అప్పుడు రేచన చూశాడు. కుందమ కట్టిన చేతులు రెండూ ముందుకు చాచి, బోను అడుగున దేన్నో పోసినట్టు పోసి, గుండ్రంగా తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ ఆ సున్నాను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తర్వాత అంచు పట్టి ఎత్తబోయినట్టు చేసి, చిరిగిపోయినట్టు రెండు చేతులూ వేరు చేయబోయింది. తాడు ఆపేసింది. మళ్ళీ మొదటినుంచీ అదే పని.

"పాపం, మతి చలించిందిరా," అన్నాడు సంకన్న.

"మతి కాదు మామా. అట్టు పోస్తోంది."

చిన్నప్పుడు వాళ్ళింట్లో పిండి ఎప్పుడూ తక్కువే. ఉన్న గరిటెడు పిండినీ పెద్ద పెనం మీద పోసి పెద్ద అట్టు వెయ్యమని రేచన మారాం చేసేవాడు. కుందమ వేసి చూపించేది. పలచనై, మధ్యలో కన్నాలు పడి, ఎత్తబోతే చిరిగిపోయేది. "ఉన్న పిండే కదరా, ఎంతని లాగుతావు," అని, మర్నాడు అంతే పిండితో చిన్న అట్టు వేసి పెట్టేది. అంచులు కరకరలాడుతూ నిండుగా ఉండేది.

గొట్టంలోకి వచ్చే వెలుగు కూడా గరిటెడు పిండే. మహానేత్రం దాన్ని లాగి లాగి చింపేస్తోంది. కావలసింది చిన్న బిళ్ళ. ఆ చిన్న బిళ్ళలన్నీ ఇప్పుడు కాకిరక్కసి గూట్లో ఉన్నాయి.

రేచన తల గోడకు కొట్టుకోబోయి ఆగాడు. చుట్ట కంపు తగిలింది.

"మామా, నువ్వు ఏట్లో పడ్డావు. చెకుముకి రాయి, దూది తడిసిపోయాయి. వంతెన దగ్గర చుట్ట ఎలా వెలిగించావు?"

సంకన్న ఆకాశం వైపు చూశాడు. కోళ్ళ వైపు చూశాడు.

"చెప్పు మామా. మా అక్క ప్రాణం పోతోంది."

"దొంగతనం మానేశాననే అన్నాన్రా, ఒట్టు పెట్టలేదుగా," అంటూ సంకన్న రొంటిన ముడి విప్పాడు. అందులోంచి రేగిపండంత గాజున్న బిళ్ళ బయటపడింది. "నీ సంచీలోదే. ఎండలో పెడితే చుట్ట భలేగా అంటుకుంటుంది. అన్నిట్లోకీ తక్కువ చూపించేది కదా, ఎవరికీ పనికిరాదనుకున్నాను."

రేచన దాన్ని పిడికిట బిగించాడు. మరుక్షణం మహానేత్రాన్ని గొట్టంలోంచి ఊడబెరికి, రుబ్బురోట్లో పడేసి, గోడకు ఆనించిన రోకలి ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. మిరియపుగింజ పిండైపోయింది. రోట్లోంచి నీలం పొగ లేచింది. కంకాళభట్టు ముఖం మాడిపోయింది. భటులు కత్తులు దూశారు.

"ప్రభూ," అన్నాడు రేచన మోకాళ్ళ మీద కూలబడి, "మా అక్క బిళ్ళలన్నీ కాకికోనలో పోయాయి. మహానేత్రం ఇదిగో, లేదు. రాజ్యంలో ఇక మిగిలింది ఈ ఒక్కటే. ఆచారం ప్రకారం రాచకంటికి ఇదే తగింది. గురువుగారి దగ్గర ఇంకేమన్నా ఉంటే తెప్పించండి."

రాజు కంకాళభట్టు వైపు చూశాడు. కంకాళభట్టు మునగచెట్టు వైపు చూశాడు. శని అప్పటికే చిటారుకొమ్మల మీదికి దిగాడు. కోటకు పోయి రావటానికి వ్యవధి లేదు.

"ఇందులోనూ కనపడకపోతే అక్కతో పాటు నన్నూ పడెయ్యండి," అన్నాడు రేచన.

"పెట్టు," అన్నాడు రాజు.

ఈసారి శని వెతకకుండానే దొరికాడు. రేచన గొట్టం చివర కాస్త లోపలికి, కాస్త బయటికి జరిపి వదిలేశాడు. రాజు వంగి కన్ను ఆనించాడు. కిరీటానికి చుట్టుకున్న బీరతీగ సన్నగా ఊగుతోంది.

"శనగబద్దంత ఉన్నాడు," అన్నాడు చివరికి, ఎవరినో నిద్రలేపుతానేమోనన్నట్టు మెల్లగా. "కదలటం లేదు. నున్నగా, గుండ్రంగా ఉన్నాడు. నడుముకు అటూ ఇటూ సూది గుచ్చినట్టు... ఉంది. వడ్డాణం ఉంది."

సంకన్న ఏడ్చేశాడు. బోను తలుపు తీశారు. రాజే స్వయంగా కుందమ నోటి గుడ్డ విప్పాడు. "ఆ రోజు మేడ మీద నువ్వు అడిగింది ఇదే. చిన్న బిళ్ళ పెట్టించండి ప్రభూ అన్నావు. మేము అవమానమనుకున్నాం. తప్పు మాదే తల్లీ," అన్నాడు.

కుందమ దండం పెట్టి తిన్నగా గొట్టం దగ్గరకు నడిచింది. చూసింది. చూసిన మనిషి ముఖంలో సంతోషం రావాలి కదా, రాలేదు.

"శుభం ప్రభూ," అన్నాడు వెనకనుంచి కంకాళభట్టు. ఆ గొంతులో కోపం లేదు. "సూదంత సన్నగా ఉందన్నారు కదా. నిరుడు ఎంత ఉండేదో, వచ్చే పౌర్ణమికి ఎంత ఉంటుందో ఆమెనే అడగండి. ఆమె అబద్ధం చెప్పదు."

రాజు అడిగాడు. కుందమ తమ్ముడి వైపు ఒకసారి చూసి, రాజు కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"నిరుడు వెడల్పుగా ఉండేది ప్రభూ. పక్కకు తిరుగుతోంది. పళ్ళేన్ని అంచు మీద నిలబెట్టి చూస్తే గీతలా కనపడదూ, అలాగన్నమాట. పౌర్ణమికి ఆ గీత కూడా కనపడదు. ఏ బిళ్ళ పెట్టినా కనపడదు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ వస్తుంది."

"మళ్ళీ వస్తుందని ఎలా తెలుసు?"

"లెక్క కట్టాను."

"లెక్కలు సరే," అన్నాడు కంకాళభట్టు. "ఊడిన వడ్డాణం మళ్ళీ రావటం కళ్ళారా చూసినవాళ్ళున్నారా? ఒక్కళ్ళను చూపించమనండి."

కుందమ దుర్భిణి చేశాక అది జరగలేదు, అంతకుముందు చూసే సాధనమే లేదు. రాజు ముఖంలోకి పాత భయం మెల్లగా తిరిగి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఏ మాట ఆఖరున వింటే ఆ మాటే ఆయనకు నిజం. "పౌర్ణమి దాకా ఆగుదాం," అన్నాడు నేల చూపులు చూస్తూ. "అది పోయేలోగా సాక్షిని తెస్తే సరే. లేకపోతే... బోను ఇక్కడే ఉండనివ్వండి."

"అక్కా," అన్నాడు రేచన ఉన్నట్టుండి. "చూసిన మనిషి... మనిషి కాదు, చూసినది ఒకటి ఉంది. విప్పేశాడని, మళ్ళీ తగిలించుకున్నాడని నాతోనే చెప్పింది. నేను వినిపించుకోలేదు."

"ఎవర్రా?"

జవాబు రేచన చెప్పనక్కరలేకపోయింది. ఇంటికప్పు మీద పెంకులు ఫెళఫెళమని విరిగాయి. కోళ్ళు కకావికలయ్యాయి. బీరపందిరి కూలింది. మసకవెలుగులో, మునగచెట్టును కప్పేస్తూ, గుడిసెంత నల్లటి ఆకారం పెరటి నడుమ వాలింది. దాని కుడికాలి నుంచి నల్లటి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది.

"నా గోరు కోసినవాడేడీ? వస్తానన్నాను. వచ్చాను," అంది కాకిరక్కసి.

కంకాళభట్టు ముఖంలో మొట్టమొదటిసారి రక్తం లేకుండా పోయింది. అది ఎవరో, అది నోరు విప్పితే ఏమవుతుందో ఆ పెరట్లో అందరికన్నా ముందు తెలిసింది అతనికే. "చంపండి, ప్రభువు మీదికి వచ్చింది, చంపండి," అని అరిచాడు. విలుకాండ్రు నారి లాగారు.

రేచన కత్తి పారేశాడు. ఒక్క దూకుతో వెళ్ళి రక్కసికి వీపు ఆనించి, బాణాలకు ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాడు.

"కొట్టకండి," అన్నాడు. "ఈవిడే మా సాక్షి."

కంకాళభట్టు దండం పైకెత్తాడు. వెనకనుంచి రక్కసి గోళ్ళు రేచన రెండు భుజాల్లోకీ మెల్లగా దిగాయి. అతను చేతులు దించలేదు.